మందు కాన్‌బెర్రాలో ఉందన్న డాక్టరాంటీ

డాక్టరాంటీ మంగళవారం పొద్దున పోయారు. నేను పనిచేసే చైల్డ్‌కేర్‌లో పిల్లలకు పండ్ల ముక్కలు పెడుతుంటే ఫోన్ మోగింది. పని వేళలో మేము ఫోన్ ముట్టుకోకూడదు. అయినా ఆంటీ పేరు కనబడితే తీశాను. ఆ గురువారమే మేమిద్దరం మా ఎంపీ గారి ఆఫీసుకు వెళ్ళాల్సి ఉంది. అక్కడ ఏ మాట ముందు చెప్పాలో మరోసారి వల్లె వేయించడానికి చేశారనుకున్నాను. అవతల ఉన్నది ఆంటీ కాదు, ఆవిడ కూతురు. ఇక్కడే పుట్టిన అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. "మమ్ ఈజ్ గాన్," అంది. "షి వాజ్ మేకింగ్ హర్ టీ."

చేతిలో పుచ్చకాయ ముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అయ్యో ఆంటీ, అనుకున్నాను. ఆ వెంటనే, ఇక మా గతేమిటి, అనుకున్నాను. మీరేమైనా అనుకోండి, ఆ రెండూ ఒకే ఊపిరిలో వచ్చాయి.

ఆవిడకూ నాకూ చుట్టరికం లేదు. సిడ్నీలో క్వేకర్స్ హిల్‌లో మా వెనక వీధిలో ఉండేవారు. ఆవిడది కరీంనగర్, మాది ఒంగోలు. ఎన్నో ఏళ్ళు ఈ చుట్టుపక్కల ఫ్యామిలీ డాక్టరుగా పనిచేసి, అంకుల్ పోయాక ప్రాక్టీసు మానేశారు. ఊళ్ళో అందరికీ ఆవిడ డాక్టరాంటీయే. అసలు పేరు చాలామందికి అంత్యక్రియల రోజునే తెలిసింది.

నేను మొదటిసారి ఆవిడ దగ్గరికి వెళ్ళింది తలనొప్పికి. అప్పటికింకా క్లినిక్‌కు వచ్చేవారు. బీపీ చూసి, కళ్ళజోడు పైకి తోసుకుని, "నిద్ర పడ్తున్నదా?" అన్నారు. లేదన్నాను. "ఏ వీసా మీదున్నవ్?" అన్నారు. బీపీకీ వీసాకీ ఏం సంబంధమో నాకు అంతుబట్టలేదు. కంపెనీ స్పాన్సర్ చేసిన వీసా అనీ, పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టుకుని ఎదురు చూస్తున్నామనీ చెప్పాను. ఆవిడ తల ఊపి మందులు రాశారు.

"ఇగో బిడ్డా, నా దగ్గరికొచ్చే మనోళ్ళల్ల సగం మందికి గిదే రోగం. ఒకరికి బీపీ, ఒకరికి కడుపుల మంట, ఒకరికి నిద్ర లేదు. గోలీలిస్త, మింగు. అసలు మందు మాత్రం నా దగ్గర లేదు, కాన్‌బెర్రాల ఉన్నది," అన్నారు. కాన్‌బెర్రా అంటే ఇక్కడి పార్లమెంటు ఉండే ఊరు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మా సంగతి చెప్పకపోతే మీకు ఆవిడ సంగతి అర్థం కాదు. మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కంపెనీ పిలిస్తే వచ్చాం, ఆ కంపెనీ పేరు మీదే ఇక్కడ శాశ్వతంగా ఉండటానికి దరఖాస్తు పెట్టుకున్నాం. ఆ దరఖాస్తుకు నలభై ఐదేళ్ళ వయసు లోపలే ఉండాలి. పెట్టినప్పుడు ఆయన లోపలే ఉన్నారు, ఇప్పుడు దాటిపోయారు. వరస మాత్రం కదలదు. వెబ్‌సైటు తెరిస్తే "అందింది" అన్న ఒక్క మాట. పెళ్ళిచూపులకొచ్చి కాఫీ తాగి వెళ్ళినవాళ్ళు ఔననీ కాదనీ చెప్పకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది మా బతుకు. ఈ ఏడాది మొదట్లో కంపెనీవాళ్ళు, జూన్‌తో సిడ్నీ ఆఫీసు ఎత్తేస్తున్నామని చల్లగా చెప్పారు. ఉద్యోగం పోతే దాని మీద నిలబడ్డ దరఖాస్తూ పోతుంది. వేరే కంపెనీ దొరికినా, కొత్తగా పెట్టుకుందామంటే వయసు ఒప్పుకోదు. మూడో తరగతిలో ఇక్కడికి వచ్చిన మా అమ్మాయి ఇప్పుడు ఇయర్ లెవెన్. దాన్ని తీసుకెళ్ళి ఒంగోల్లో ఏ కాలేజీలో కూర్చోబెట్టను? జూన్ లోపల ఎవరో ఒక ఆఫీసరు మా ఫైలు తెరవాలి. కావలసింది అంతే.

ఇదంతా ఇప్పుడు గడగడా చెప్పేస్తున్నానంటే అది ఆంటీ పెట్టిన భిక్ష. అంతకుముందు నేనూ అందరిలాంటిదాన్నే. ఎవరడిగినా "ఆల్ గుడ్" అనేదాన్ని.

మన తెలుగువాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. పెద్దమనిషి వస్తున్నాడంటే మనకు ముందు గుర్తొచ్చేది శాలువా. ఒకసారి పెండిల్ హిల్‌లో ఒక హోటల్ మేడ మీద, వీసా కష్టాలు చెప్పుకోవడానికని సంఘంవాళ్ళు ఎంపీ గారిని పిలిచారు. ఆయన వచ్చిందే అరగంటకు. అందులో జ్యోతి ప్రజ్వలన, పిల్లల ప్రార్థనా గీతం, అధ్యక్షుడి స్వాగతోపన్యాసం, ఉపాధ్యక్షుడి స్వాగతోపన్యాసం. ఆ తర్వాత శాలువా కప్పారు, గంధపు దండ వేశారు, చేతికి జ్ఞాపిక ఇచ్చారు. ఆనక ఫోటోలు. భార్యలతో ఒకటి, పిల్లలతో ఒకటి, సరిగ్గా రాలేదని మళ్ళీ ఒకటి. ఎంపీ గారు శాలువాలో చెమటలు కక్కుతూ, "యూ ఫోక్స్ ఆర్ డూయింగ్ సో వెల్," అని మెచ్చుకుని, గారె ఒకటి కొరికి, ఇంకో మీటింగుకు వెళ్ళిపోయారు. వీసా అన్న మాట ఆ హాల్లో ఎవరి నోటా రాలేదు. అధ్యక్షుడు మాత్రం కార్యక్రమం దిగ్విజయం అని మైకులో ప్రకటించాడు.

ఆంటీ ముందు వరసలో కూర్చుని అంతా చూశారు. జనం భోజనాలకు లేస్తుంటే ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు. "ఆయన భుజాల మీద శాలువ కప్పి, మన నోళ్ళ మీద గుడ్డ కప్పుకున్నం," అన్నారు. అధ్యక్షుడు వచ్చి, "మేడమ్, రిలేషన్ బిల్డ్ చేస్తున్నామండీ, ఫస్ట్ మీటింగ్‌లోనే అడిగితే ఏం బాగుంటుంది," అని సర్దబోయాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూశారు. "నీకు సిటిజెన్‌షిప్ ఉన్నది, నువ్వు నిమ్మలంగ బిల్డ్ చేస్తవ్. ఈ పోరి చూడు, మొగని కొలువు పోతే వీళ్ళు యాడికి పోవాలె? అడగంది అమ్మైనా పెట్టదయ్యా," అన్నారు. అందరూ నా వైపు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ హాల్లో నా గురించి మాట్లాడిన మనిషి ఆవిడొక్కరే.

ఆ తర్వాతి శనివారం నుంచి వాళ్ళింట్లో రిహార్సల్స్ మొదలయ్యాయి. సర్వపిండి చేసి పెట్టేవారు, కానీ అది చివర్లోనే. ముందు ఆవిడ సోఫాలో కాలు మీద కాలేసుకుని ఎంపీ అయిపోయేవారు. మాలాంటివాళ్ళం ఒక్కొక్కరం వీధి తలుపు నుంచి లోపలికి రావాలి. ఆవిడ అచ్చం ఆస్ట్రేలియావాళ్ళ యాసలో సాగదీసి, "హౌ ఆర్ యూ గోయింగ్?" అనేవారు. మన నోటికి అలవాటైన జవాబు ఒకటే ఉంది కదా.

"గుడ్, థాంక్యూ."

"బయటికి నడువు," అనేవారు వేలు చూపించి. "మంచిగున్న అన్నోనికి ఎవడన్న పని చేస్తడా? పో, మళ్ళ రా."

మళ్ళీ వెళ్ళి రావాలి. విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక సివిల్ ఇంజినీరు ఉండేవాడు, మహా నెమ్మదస్తుడు. ఆయన్ని అలా ఎన్నిసార్లు తిప్పారో. ఒకసారి "నాట్ బ్యాడ్" అన్నాడు. ఇంకోసారి "కాంట్ కంప్లెయిన్" అన్నాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. ఆఖరుసారి గుమ్మంలోకి వచ్చి, "మా నాన్న పోయారు, వెళ్తే నా కేసేమవుతుందోనని భయపడి వెళ్ళలేదు," అని అక్కడే నిలబడి ఏడ్చేశాడు. ఆంటీ లేచి ఆయన చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టారు. "గిదే. గిదే చెప్పాలె. ఏడుపొస్తే ఏడువు, ఆపొద్దు. ఏడుస్తనే చెప్పు," అన్నారు. ఆ రోజు సర్వపిండి ఎవరికీ సయించలేదు.

ఆవిడకెందుకింత పట్టింపు అని నాకూ అనిపించేది. ఒకరోజు అడిగేశాను. వాళ్ళు వచ్చిన రోజుల్లో డాక్టర్లు కావాలని ఈ దేశమే పిలిచిందట. కాగితాలు నెలల్లో వచ్చేశాయట. తెలుగు ముఖం కనబడని పల్లెటూళ్ళో కొన్నేళ్ళు పనిచేశారు, అంతే. "మాకు వరస ఎట్లుంటదో తెల్వదు బిడ్డా. నాకంటే మీరు తక్కువ చదివిన్రా, తక్కువ కష్టపడ్తున్రా? నాకు దొరికింది అదృష్టం. దాన్ని తెలివి అనుకుని తిరిగేటోళ్ళను చూస్తే నాకు మండుతది," అన్నారు.

అలా తిరిగేవాళ్ళు తక్కువేం కాదు. ఒకరింట్లో బార్బెక్యూ జరుగుతుంటే, వచ్చి పాతికేళ్ళయిన ఒక పెద్దమనిషి, ఈమధ్య మరీ ఎక్కువమంది వచ్చేస్తున్నారనీ, కొంచెం తలుపులు బిగించాల్సిందేననీ అన్నాడు. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది మా ఆయన కాల్చి ఇచ్చిన చికెన్ ముక్క. ఆంటీ ప్లేటు కింద పెట్టారు. "కాజీపేటల జనరల్ బోగీ ఎక్కిన సంగతి యాదికున్నదా? ప్లాట్‌ఫారం మీదున్నంత సేపు జరుగుండ్రి జరుగుండ్రి అంటవ్. ఎక్కినంక నువ్వే తలుపుకు అడ్డం నిలబడ్తవ్," అన్నారు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, కనీసం ఆవిడ ఎదురుగా.

ఆవిడ వెంట ఉండగా నేను ఎంపీ గారితో మొదటిసారి మాట్లాడింది షాపింగ్ సెంటర్ ముందు. శనివారాలు మా ఎంపీ గారు అక్కడ మడత బల్ల వేసుకుని జనంతో మాట్లాడతారు. ఆ రోజు ఎండగా ఉంది. ఆయన చెయ్యి కలిపి, "హౌ ఆర్ యూ గోయింగ్?" అన్నారు. నా నోట్లో "గుడ్" సగం వరకు వచ్చింది. వెనక నుంచి ఆంటీ జబ్బ మీద గిల్లారు. నొప్పికో ధైర్యానికో తెలియదు గానీ, "నాట్ గుడ్ సర్," అన్నాను. ఆయన చేతిలోని కాఫీ పక్కన పెట్టి, చెప్పమన్నారు. చెప్పాను. విన్నారు. మంచి మనిషే. మా తరఫున వీసాల శాఖవాళ్ళను అడిగారు కూడా. వరస ప్రకారమే చూస్తారు, ఓపిక పట్టండి అని జవాబు వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదీ సంగతి. ఆంటీ మాత్రం, "ఓపిక పట్టుమన్నరా? మంచిదే. ఇగ మనం చట్టం చేసేటోళ్ళ ఓపిక చూద్దాం," అన్నారు.

ఆ పట్టుదలతోనే నెలల తరబడి ఆ ఆఫీసుకు ఫోన్లు చేశారు. ఆఖరికి ఎంపీ గారు అరగంట ఇస్తామన్నారు. బల్ల దగ్గర కాదు, ఆఫీసులో, తలుపు వేసుకుని. ఆవిడ అడగదలుచుకున్నది పెద్ద కోరికలు కావు. ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళకు ఏటా ఇచ్చే పర్మనెంట్ వీసాలు పెంచండి. ఫైళ్ళు చూసే మనుషుల్ని పెంచండి. వరసలో నిలబడి ఉండగా కంపెనీ మూతపడితే, ఆ మనిషిని వరసలోంచి బయటికి లాగకండి. ఇంతే. ఈ మూడోది నా కోసమే చేర్చారని నాకు తెలుసు. అది గురువారం. ఆవిడ మంగళవారం పోయారు.

బుధవారం నాడు ఎంపీ గారి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. చాలా మర్యాదగా, ఈ పరిస్థితుల్లో సమావేశం వాయిదా వేస్తున్నామన్నారు. వచ్చే వారం నుంచి పార్లమెంటు, ఆ తర్వాత ఇంకేవో పర్యటనలు, జూలైలో చూద్దామన్నారు. జూలైలో మాకింకేం మిగులుతుంది? ఆ మాట ఫోన్ చేసిన ఆఫీసమ్మాయితో అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. "నో వర్రీస్," అని పెట్టేశాను. పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చున్నాను. ఆవిడ బతికుంటే నన్ను వీధి గుమ్మం దాకా తోలి మళ్ళీ రమ్మనేవారు.

ఇది చదివేవాళ్ళలో ఇక్కడ ఓటున్నవాళ్ళు చాలామంది ఉంటారు. మీ ఎంపీ మీ పండక్కి వస్తారు, పులిహోర తింటారు, ఫోటో దిగుతారు. ఆ ఫోటోకు ముందు ఒక్క నిమిషం మా మాట అడగండి. మేము అడిగితే బతిమాలుకోవడం అవుతుంది, మీరడిగితే మీ ఓటే నోరు తెరిచి అడిగినట్టు. మాకు ఓటు లేదు. టాక్సు కడతాం, మీ పిల్లల్ని ఎత్తుకుంటాం, మీ కంప్యూటర్లు బాగుచేస్తాం, మీ రోడ్లు కొలుస్తాం. జూన్ వస్తుందంటే నాకు గుండె దడగా ఉంది. ఇంకెలా చెప్పాలో తెలియడం లేదు. ఆంటీ ఉంటే ఇంకాస్త మర్యాదగా చెప్పించేవారేమో. లేదు లెండి, ఇంకా గట్టిగా చెప్పించేవారు.

శనివారం అంత్యక్రియలు. ఇక్కడ దహనవాటిక అంటే పచ్చిక మధ్య ఒక హాలు. పెట్టె తెరిచి ఉంచారు. ఆంటీకి ఆకుపచ్చ అంచు గద్వాల చీర కట్టారు. ముఖంలో ఎప్పుడూ ఉండే విసుగు లేదు. అది లేకపోయేసరికి నాకు వేరెవరినో చూస్తున్నట్టు అనిపించి ఏడుపు ఆగలేదు. పూజారి మంత్రాలు ముగించాక, అందరం వరసగా వెళ్ళి గులాబీ రేకులు వేస్తున్నాం. హాలు నిండిపోయింది. ఆవిడ చేత వైద్యం చేయించుకున్నవాళ్ళు, ఆవిడ చేత తిట్లు తిన్నవాళ్ళు, చంటిపిల్లల్ని చంకనేసుకున్న తల్లులు.

నా ముందు నిలబడిన పొడుగాటి మనిషి రేకులు వేసి వెనక్కి తిరిగారు. ఎంపీ గారు. వాళ్ళమ్మగారికి ఆంటీయే డాక్టరట, అందుకని వచ్చారు. నన్ను గుర్తుపట్టి, గొంతు తగ్గించి, "ఐయామ్ సో సారీ. హౌ ఆర్ యూ హోల్డింగ్ అప్?" అన్నారు.

పక్కనుంచి మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఇక్కడొద్దు," అన్నారు చెవిలో. ఆయన అన్నదీ నిజమే. చావు ఇల్లు. నాలుగడుగుల దూరంలో ఆవిడ పడుకుని ఉన్నారు. మన ఇళ్ళలో శవం లేచేదాకా అన్నం మాట కూడా ఎత్తరు.

"నాట్ వెల్, సర్," అన్నాను. ఆ తర్వాత ఇంగ్లీషులోనే, ఆగకుండా చెప్పాను. జూన్‌తో మా ఆయన ఉద్యోగం పోతుంది. మా దరఖాస్తు దానితోపాటే పోతుంది. మళ్ళీ పెట్టుకునే వయసు లేదు. గురువారం మీరు రమ్మన్నారు, ఈవిడ తీసుకొస్తానన్నారు. ఇప్పుడు నన్ను మీ దగ్గరికి తీసుకురావడానికి ఎవరూ లేరు, అందుకని నేనే వచ్చాను.

సంఘం అధ్యక్షుడు తల దించుకున్నాడు. ఆంటీ కూతురు పెట్టె పక్కన నిలబడి మమ్మల్నే చూస్తోంది. తప్పు చేశానా అని ఆ అమ్మాయి ముఖం వైపు చూశాను. "గో ఆన్," అంది.

ఎంపీ గారు చేతికి అంటుకుని మిగిలిన గులాబీ రేకును తీసి పెట్టెలో వేశారు. తర్వాత నన్ను దాటి హాలు వైపు చూసి, ఎంతో మెల్లగా, ఇంకెవరైనా ఉన్నారా ఇలా ఎదురు చూసేవాళ్ళు, అని అడిగారు.

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత వెనక గోడ దగ్గర విశాఖపట్నం ఇంజినీరు చెయ్యెత్తాడు. పిల్లాడిని ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చుకుని ఒక తల్లి ఎత్తింది. ఆవిడ పక్కన భర్త. కిటికీ దగ్గర ఇద్దరు నర్సులు. చేతుల్లో రేకులున్నవాళ్ళు రేకులతోనే ఎత్తారు. మా ఆయన నా మోచెయ్యి వదిలి, తనూ ఎత్తారు. స్కూల్లో ఒక్క స్నేహితురాలికి కూడా ఈ సంగతి తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకున్న మా అమ్మాయి, మూడో వరసలో లేచి నిలబడి, క్లాసులో టీచరు తనని చూడాలన్నట్టు, చెయ్యి నిటారుగా పైకెత్తింది.

ఎంపీ గారి పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారు. సగంలో ఆగిపోయారు. బయట ఇంకో కుటుంబం వాళ్ళ శవపేటికతో వచ్చి ఎదురు చూస్తోందని దహనవాటిక మనిషి గుమ్మంలోంచి సైగ చేశాడు. ఎవరూ చెయ్యి దించలేదు.